శుక్రవారంలోగా చెప్పాల్సిన మాట

2018లో నేను రాయ్‌పూర్ శంకర్ నగర్‌లో, మందుల దుకాణం పై అంతస్తులోని చిన్న వెబ్ ఆఫీసులో టెస్టర్‌గా పనిచేసేదాన్ని. టెస్టర్ అంటే, తయారైన వెబ్ పేజీని జనం చూడకముందే చూసి, ఎక్కడ ఏది చెడిందో చెప్పే మనిషి. అంతకుముందు అదే ఆఫీసులో టీ పెట్టి, గదులు తుడిచేదాన్ని. నలభై దాటాక, రైల్వే కాలనీలో ఆడవాళ్ళకు సాయంత్రాలు నడిపే బడిలో హిందీ అక్షరాలు నేర్చుకున్నాను. తెలుగు ఆ తర్వాత పక్కింటావిడ నేర్పింది. మామూలు మనిషి చేతిలోని మామూలు ఫోన్లో పేజీ ఎలా ఉంటుందో చూసేవాళ్ళు కావాలని, మా ఆఫీసు యజమాని సుధాకర్ ఈ పని నాకిచ్చాడు. అతనిది శ్రీకాకుళం నుంచి వచ్చిన రైల్వే కుటుంబం.

సుధాకర్, అతనితో పనిచేసే నేహా కలిసి ఒక యానిమేషన్ ప్లగిన్ తయారుచేశారు. ప్లగిన్ అంటే వెబ్‌సైటుకు తగిలించుకునే చిన్న ప్రోగ్రాం. మా ప్లగిన్ తగిలిస్తే పేజీలో వాక్యాలు ఒకదాని వెనక ఒకటి జారుతూ వచ్చి, పైకి వెళ్ళిపోయేవి. అది ఓపెన్ సోర్స్. అంటే దాని కోడ్ అందరికీ కనబడుతుంది, ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. ఎవరెవరు వాడుతున్నారో మాకే సరిగ్గా తెలియదు.

అందులో హోల్డ్ అనే సౌకర్యం ఉండేది. తెర మీద వేలు అదిమి పెడితే కదలిక ఆగేది. నేను చదివేది దానితోనే. ఒక వాక్యం కూడబలుక్కునేలోపు అది పైకి పోయి మరొకటి వచ్చేది. అందుకే ప్రతి వాక్యాన్నీ వేలితో ఆపి, చదివి, వదిలేదాన్ని. ఈ సంగతి ఆఫీసులో ఎవరికీ తెలియదు.

"ఏటక్కా, ఒక్క పేజీకి ఇంతసేపా? ఆ డబ్బా ఫోన్ పారెయ్‌రాదూ!" అనేవాడు సుధాకర్.

"నెట్టు స్లోగా ఉంది బాబూ" అనేదాన్ని.

ఆ ఏడు వానాకాలంలో ప్లగిన్ కొత్త వెర్షన్ కోసం రోడ్‌మ్యాప్ వేశారు. ముందు ముందు ఏం చేర్చాలి, ఏం తీసేయాలి అన్న ప్రణాళికను రోడ్‌మ్యాప్ అంటారు. సోమవారం మీటింగులో నేహా మొదట ఎత్తిన మాట హోల్డ్ గురించే.

"దాన్ని తీసేద్దాం సర్. కొత్త ఫోన్లలో వేలు పెడితే పేజీ అక్కడే ఇరుక్కుపోతోంది. నా టైమంతా దాన్ని బాగుచేయడానికే పోతోంది" అంది హిందీలో.

"ఎవరైనా వాడతన్నారా అసలు?" అన్నాడు సుధాకర్.

"ఎవరూ దాని గురించి ఒక్క ముక్క రాయలేదు."

ఇలాంటి ప్లగిన్లకు ఒక పద్ధతుంది. మార్పును అందరికీ కనబడే పేజీలో పెట్టి, గడువు ఇస్తారు. ఆలోగా ఎవరూ అభ్యంతరం రాయకపోతే ఒప్పుకున్నట్టే. నేహా ఇంగ్లీషులోనూ హిందీలోనూ రాసిపెట్టింది. గడువు శుక్రవారం.

హోల్డ్ పోతే పేజీ చదవలేను. చదవలేనని చెబితే, చదవలేని మనిషికి టెస్టర్ పని ఎందుకంటారు. పాత పనికి వెళదామన్నా, టీ అప్పటికే కింది హోటల్ నుంచి వస్తోంది.

రోజూ రాగానే ఆ పేజీ తెరిచేదాన్ని. కింద అభ్యంతరాలు రాసే చోటు ఖాళీ. నాలాంటివాళ్ళు ఎక్కడో ఉంటారు, ఎవరో ఒకరు రాయకపోతారా అనుకున్నాను. కానీ నాలాంటివాళ్ళయితే ఈ పేజీ దాకా ఎలా వస్తారు? వచ్చినా ఏం రాస్తారు?

గురువారం మధ్యాహ్నం నేహా మూత తీయని నా టిఫిన్ డబ్బా వైపు చూసింది. "ఏంటి దీదీ, ఇవాళా ఉపవాసమేనా? నీ దేవుడికే బోర్ కొట్టేస్తుంది."

"హోల్డ్ తీసేస్తే, గబగబా చదవలేనివాళ్ళు ఏం చేస్తారు?" అన్నాను.

"ఎవరు దీదీ వాళ్ళు? ఒక్కళ్ళని చూపించు, ఉంచేస్తా" అని నవ్వింది. నేను డబ్బా తీసి సంచిలో పెట్టేశాను.

శుక్రవారం పొద్దున్నే కూర్చుని హిందీలో రాశాను: హోల్డ్ తీయొద్దు. నేను నిదానంగా చదువుతాను. వేలితో ఆపుకుని చదువుతాను. అది లేకపోతే మన పేజీని నేనే చదవలేను.

బటన్ నొక్కాను. నేహా తెర మీద అది కనబడటం నా కుర్చీలోంచి చూశాను. ఆమె వెనక్కి తిరిగి నా వైపు చూసింది. సుధాకర్ లేచి వచ్చాడు.

"ఏటక్కా ఇది? ఇన్నాళ్ళూ నెట్టు స్లో, నెట్టు స్లో అన్నావు?"

"నెట్టు బాగానే ఉంది బాబూ. నేనే స్లో."

"మరి టెస్టింగ్ ఎలా చేస్తావు?"

నేను భయపడుతూ వచ్చిన ప్రశ్న అదే. "సోమవారం చూద్దాం" అని వెళ్ళిపోయాడు. ఆ శని, ఆదివారాలు ఇంట్లో ఏ పని చేసినా మనసు దాని మీద లేదు. ఆఫీసులో నా కుర్చీ ఉంటుందా ఉండదా అన్నదే ఆలోచన.

సోమవారం నిర్ణయం చెప్పింది నేహాయే. హోల్డ్ పోతుంది, ఇరుక్కునే తంటా నిజమే కాబట్టి. దాని బదులు ప్రతి యానిమేషన్ పక్కనా ఎవరికైనా కనబడేలా 'రుకో', అంటే ఆగు, అని ఒక బటన్ వస్తుంది. ప్రతి పేజీనీ వేగంగా ఆమె చూస్తుంది, ఆపుకుంటూ నేను చూస్తాను. "టెన్షన్ మత్ లో అక్కా, కంగారు పడకు" అన్నాడు సుధాకర్.

మొదట చేసిన బటన్ మరీ చిన్నది, నా వేలికి అందలేదు. నేహా మళ్ళీ పెద్దదిగా చేసింది. కొత్త వెర్షన్ బయటికి వచ్చాక, బటన్ వల్ల పేజీ అందం చెడిందని ఎవరో రాశారు. దాన్ని కనబడకుండా చేసుకునే వీలు కూడా ఇవ్వాల్సి వచ్చింది. ఎంతమంది దాచేశారో మాకు తెలియదు. ఆ దిగులు నాకు ఇప్పటికీ ఉంది.

ఆ శుక్రవారం తర్వాత, కింద ఖాళీగా ఉన్న పేజీని చూసి అందరూ ఒప్పుకున్నారని నేను అనుకోలేదు. ఏదైనా తీసేసే మాట వస్తే, గడువులోగా భన్‌పురి వెళతాను. అక్కడి ఫ్యాక్టరీల్లో పనిచేసే ఆడవాళ్ళు భోజనానికి బయటికి వచ్చినప్పుడు, ఫోన్ వాళ్ళ చేతికిచ్చి పక్కన కూర్చుంటాను. అర్థమైందా అని అడగను. అడిగితే అయిందనే అంటారు. వాళ్ళ కళ్ళు ఏ వాక్యం దగ్గర వెనకబడుతున్నాయో చూసి, వచ్చి నేహాకి చెబుతాను.