కిటికీలు మూసుకున్న ఇద్దరు నావిగేటర్లు

ఈ ఉదయం బాల్కనీలో కాఫీ గ్లాసుతో నిల్చుని ఉండగా ఆకాశం నిలువునా చిరిగింది. ఆకాశం చిరగదు, శబ్దం వచ్చిందంతే అంటుంది మా ఆవిడ. ఆవిడ వంటింట్లో ఉంది, ఆవిడకేం తెలుసు? డిసెంబరు వచ్చిందంటే దోహాలో జాతీయ దినోత్సవానికి విమానాల రిహార్సల్సు మొదలవుతాయి. ఇవాళ వచ్చిన గుంపు అల్ రయ్యాన్‌లోని మా కాంపౌండు మీదుగా, నేను ఆరేసుకున్న లుంగీని కాస్తలో తప్పించి, సముద్రపు ఒడ్డున ఉన్న కార్నిష్ రోడ్డు వైపు దూసుకుపోయింది. నా గ్లాసులో అలలు లేచాయి. ఒక అల చొక్కా మీదికి కూడా వచ్చింది, సాక్ష్యం కావాలంటే బకెట్లో నానుతోంది చూసుకోవచ్చు. అవి బ్రిటన్‌లో తయారై ఇక్కడ ఖతార్ రంగులు పూసుకున్న ఫైటర్లు. మా మామగారుంటే తలెత్తి చూసేవారు కూడా కారు. "ఫైటర్లోయ్ అవి. ఒక్కడే ఎక్కుతాడు, ఒక్కడే దిగుతాడు. బాంబర్ అంటే సంసారం," అనేవారు.

మామగారు కిందటేడు కాక ఆ ముందటేడు చలికాలంలో విజిట్ వీసా మీద మా ఇంటికొచ్చారు. మన వైమానిక దళంలో కాన్‌బెర్రా అనే బాంబర్‌కి దారి లెక్కగట్టి చెప్పే నావిగేటర్‌గా పనిచేసిన మనిషి. ఆయన మీసం ఇప్పటికీ ఆ విమానం రెక్కల కొలతకే కత్తిరించి ఉంటుంది. గుమ్మంలోంచి వచ్చేటప్పుడు కాస్త పక్కకి తిరగాల్సి వస్తుందని నా అనుమానం. కాన్‌బెర్రా ఇంగ్లీషువాడి దగ్గర మనం కొన్న జెట్ బాంబర్. మామగారి లెక్కలో రెండు వందల ఏళ్ళు మనల్ని పీడించినందుకు ఆ జాతి చేసుకున్న ప్రాయశ్చిత్తం అదొక్కటే, అది కూడా డబ్బు పుచ్చుకుని. అందులో పైలట్ పైన గాజు బుడగ కింద దర్జాగా కూర్చుంటాడు. ప్రమాదమొస్తే ఆయన ఒక పిడి లాగితే చాలు, కుర్చీతో సహా ఆకాశంలోకి ఎగిరి పారాచూట్‌తో దిగుతాడు. నావిగేటర్ మాత్రం కింద ముక్కులో, ఒక చిన్న బల్ల దగ్గర, పటమూ పెన్సిలూ పెట్టుకుని ఉంటాడు. ఆయనకా కుర్చీ లేదు. దూకాలంటే పాక్కుంటూ తలుపు దాకా రావాలి.

ఒకసారి గాల్లో ఉండగా వీళ్ళ ఇంజినొకటి అంటుకుంది. ఈ కథ నేను పెళ్ళిచూపుల్లో మొదటిసారి విన్నాను, ఆ తర్వాత ప్రతి పండక్కీ విన్నాను. మంట మాత్రం ఏటేటా పెద్దదవుతూ వచ్చింది. మారనిది ఒకటే. పైలట్ చెయ్యి పిడి మీదికి వెళ్ళలేదు. "రన్‌వే ఎటు ఉందో చెప్పు" అన్నాడట. మామగారు చెప్పారు. దిగారు. దిగి, క్యాంటీన్లో టీ తాగి, ఆ సంగతి మళ్ళీ ఎత్తకుండా ఎవరి క్వార్టర్సుకి వాళ్ళు వెళ్ళారు. వారం తిరక్కుండా బదిలీలొచ్చాయి. తర్వాత ఉత్తరాలు, ఆ తర్వాత ఫోన్లు. మనుషులు మాత్రం కలుసుకోలేదు. "థాంక్స్ చెప్పారా?" అని నేనడిగితే, "ఫోన్లో చెప్పే మాటా అది?" అని నన్ను కసిరారు.

ఇక దొర. మా కాంపౌండులో కూతురి దగ్గర ఉండే ఇంగ్లీషు పెద్దమనిషి. నిలబడితే విద్యుత్ స్తంభం, కూర్చుంటే ముడిచిన నిచ్చెన. ఆయనా నావిగేటరే, వల్కన్ అనే త్రికోణపు మహా బాంబర్ మీద. అందులో ఇద్దరు పైలట్లకి ఎగిరే కుర్చీలు, వెనక చీకటి గదిలో ముగ్గురికి మామూలు కుర్చీలు, అవీ విమానం పోయే దిక్కుకి వీపు పెట్టి. ఆయన తండ్రి అంతకు ముందు రెండో ప్రపంచ యుద్ధంలో లాంకాస్టర్ బాంబర్ తోక చివర గాజు పెట్టెలో కూర్చుని, వేళ్ళు కొయ్యబారుతుంటే తుపాకీ పట్టుకున్నాడట. తండ్రి వెనక్కి చూస్తూ యుద్ధం చేశాడు, కొడుకు వెనక్కి తిరిగి ఉద్యోగం చేశాడు. ఆ వంశంలో ముందుకు చూసింది కూతురొక్కతే, ఆవిడ ఇక్కడి స్కూల్లో టీచరు. మామగారూ దొరా పొద్దున్నే ఈత కొలను చుట్టూ నడుస్తూ ఏ బాంబర్ గొప్పదో కొట్టుకునేవారు. కొలనులో ఈదేవాళ్ళు భయపడి గట్టెక్కేవారు. సాయంత్రానికి మా అత్తగారి జంతికల డబ్బా మధ్యన పెట్టుకుని సంధి చేసుకునేవారు.

అలాంటి రోజుల్లో తెలిసింది, మామగారి పైలట్, ఆయన భాషలో స్కిప్పర్, ఖతార్‌లోనే ఉన్నాడని. ఉత్తరాన అల్ రువైస్ రేవులో మనవడు ఇంజినీరట, అతని దగ్గర నెల్లాళ్ళుండి ఆస్ట్రేలియాలో కూతురి దగ్గరికి వెళ్ళిపోతున్నాడు, ఇక అక్కడే ఉంటాడు. ఈ కబురు మాకు చేరేసరికి దోహా నుంచి ఆయన ఫ్లైటు మర్నాటి సాయంత్రమే. వస్తున్నామని మనవడికి చెప్పించి మామగారు ఆ రాత్రి పటం పరిచారు. తెల్లారేసరికి దొర కూడా స్కేలు పట్టుకుని వచ్చేశాడు. ఇద్దరి లెక్కలూ కలిసేసరికి మధ్యాహ్నం దాటింది.

"మామయ్యగారూ, ఫోన్లో మ్యాప్ పెడతాను, అదే చెబుతుంది," అన్నాను.

ఇద్దరూ నన్ను చూసిన చూపుకి కారు రంగు వెలిసింది. ఫోన్లన్నీ జంతికల డబ్బాలో వేసి మూత బిగించారు. గమ్యం చేరేదాకా రేడియో సైలెన్స్ అన్నారు. బాంబర్ బయల్దేరాక మాట్లాడితే శత్రువు వింటాడట. శత్రువెవరని నేనడగలేదు, అల్లుణ్ణి కదా. తర్వాత ఇద్దరూ వెనక సీట్లో కూర్చుని, ఎండకి పెట్టుకునే నల్ల తెరలు రెండు కిటికీలకీ లాగేశారు. కిటికీ లేని గదిలో అయితే గానీ ఇద్దరికీ బుర్ర పనిచేయదు. "నువ్వు వేగం చెప్పు చాలు. ఏం కనబడుతోందో చెప్పకు. కళ్ళు మోసం చేస్తాయి," అన్నారు మామగారు. దొర గడియారం చూసి "యల్లా!" అన్నాడు. పదండి అని దానర్థం. ఆయనకొచ్చిన అరబ్బీ అంతా అదే, కానీ దాన్ని బాంబు వదిలినంత నమ్మకంగా వాడతాడు.

వాళ్ళ లెక్కలో తప్పు లేదని ఇప్పటికీ ఒట్టేసి చెబుతాను. తప్పల్లా దోహా రోడ్లది. రాత్రికి రాత్రి ఎవరో పూల మొక్కలు నాటినట్టు నారింజ రంగు కోన్లు నాటి ఉత్తరం దారి మూసేశారు. నేను వాటి వెంట పడమటికి తిరిగాను. "మామయ్యగారూ, ఇక్కడ డైవర్షన్..." అన్నాను.

"వేగం?"

"వంద. కానీ డైవర్షన్..."

"వేగం అడిగాను, వేడుకలు కాదు."

అలా పడమటికే తోలాను. వెనక పెన్సిళ్ళు గీరుకుంటున్నాయి. కాసేపటికి మామగారు పరమ ధీమాగా ప్రకటించారు. "ఇప్పుడు సముద్రం కనబడుతుంది చూడు."

నాకు కనబడింది ఒంటె. ఒకటి కాదు, ప్రపంచంలోని ఒంటెలన్నీ. జీను బట్టలు కట్టుకుని, ప్రధానమంత్రులంత గంభీరంగా రోడ్డు దాటుతున్నాయి. బ్రేకేశాను. ఒకటి నా కిటికీలో తల పెట్టి చెవిలో ఊపిరి వదిలింది. వాటిని తోలుకెళ్తున్న మనిషి నా ముఖం చూడగానే మనవాడని పోల్చుకున్నాడు.

"ఏడికి పోతున్నరన్నా?"

"రువైస్."

అతను ఒంటె మెడ మీద చెయ్యేసి హాయిగా నవ్వాడు. "రువైస్ గిక్కడేడిదే? గిది షహానియా. ఒంటెల పందాలు జూడనీకొచ్చిండ్రేమో అనుకున్న."

"ఎవరోయ్ అది?" అన్నారు తెర వెనక నుంచి మామగారు.

"జగిత్యాల తాతా! ఫోన్ల మ్యాప్ వెట్టుకోరాదుండ్రి, ఇంత మంది పెద్దమనుషులు కార్ల కూసొని?"

వెనక పెన్సిళ్ళు ఆగాయి. ఇప్పుడు పేలుతుంది చూడు అనుకుంటూ నేను అద్దంలోకి చూశాను. మామగారు జంతికల డబ్బా ఒళ్ళోకి తీసుకుని మూత విప్పుతున్నారు. అంత మీసమూ ఒక్కసారిగా సన్నబడిపోయినట్టుంది. నూనె అంటిన నా ఫోన్ అందించి, "ఆ మనవడికి చెయ్. స్కిప్పర్ని బయల్దేరమను. ఫ్లైటు పోకూడదు. నేను... తర్వాత ఫోన్లో మాట్లాడతానని చెప్పు," అన్నారు.

ఫోన్లో చెప్పే మాట కాదన్న మనిషే ఆయన.

ఫోన్ చేశాను. మనవడు ఏడుపుగొంతుతో ఎత్తాడు. "అంకుల్, ఎక్కడున్నారు? మేం ఎప్పుడో బయల్దేరాలి. సామాను కార్లో పెట్టేశాను, తాతయ్య ఎక్కట్లేదు. గేటు ముందు కుర్చీ వేసుక్కూర్చున్నారు. మా నావిగేటర్ లేకుండా కదిలే అలవాటు నాకు లేదంటున్నారు."

స్పీకర్లో ఉంది, అందరం విన్నాం. దొర నా భుజం తట్టి, చాలా మెల్లగా "యల్లా" అన్నాడు.

ఆ తర్వాత నేను కారు తోలిన తీరు గురించి రాస్తే ఖతార్ ట్రాఫిక్ పోలీసులు చదువుతారు, వద్దు. కెమెరాలు నన్ను గాలి దుమారం అనుకుని వదిలేసి ఉండాలి. రువైస్ చేరేసరికి చేపల పడవలు రేవులో ఊగుతున్నాయి, ఒక గేటు ముందు నీలం ప్లాస్టిక్ కుర్చీలో, కోటు వేసుకుని, ఒళ్ళో సంచీతో ఒక ముసలాయన ఉన్నాడు. మనిషి పిచ్చుకంత. గొంతు మాత్రం బాంబర్‌ది, అందులో హైదరాబాద్ చెక్కుచెదరకుండా ఉంది.

"క్యా భాయ్! గింత లేటా? తొవ్వ తప్పినవా?"

మామగారు దిగారు. నలభై, యాభై ఏళ్ళు దాచుకున్న మాట ఇప్పుడొస్తుందనుకున్నాను. ఆయన అటెన్షన్లో నిలబడి, "స్కిప్పర్, దారిలో ఒంటెలు అడ్డొచ్చాయి," అన్నారు.

"ఒంటెలు!" పైలట్ కుర్చీలోంచి లేవబోయి, మామగారి చేతులు పట్టుకుని లేచాడు. "ఇంజిన్ మండినప్పుడు తప్పలేదు గదరా నువ్వు, ఒంటెకు తప్పినవా?"

ఇద్దరూ అలాగే చేతులు పట్టుకుని ఉండిపోయారు. థాంక్స్ అన్న మాట ఎవరి నోటా రాలేదు. మామగారి మీసం చివర మాత్రం ఏదో తడి మెరిసింది. సముద్రం గాలి అన్నారాయన.

టైం లేదు. మనవడు సామానుతో తన కారులో ముందు బయల్దేరాడు, పెద్దాయన నా కారులో ముందు సీటెక్కాడు. బెల్టు పెట్టుకుని, అద్దం లోంచి రోడ్డు వైపు చూస్తూ, వెనక్కి తిరక్కుండానే అడిగాడు.

"భాయ్, రన్‌వే ఎటు ఉందో చెప్పు."

వెనక సర్రుమని నల్ల తెర పైకి పోయింది. ఆ ఎండలో మామగారు పటం మడిచి పక్కన పెట్టి, జీవితంలో మొదటిసారి కిటికీలోంచి బయటికి చూసి చెప్పారు.

"తిన్నగా దక్షిణానికి, స్కిప్పర్. బోర్డులున్నాయి."

ఫ్లైటు అందింది. ఆఖరి నిమిషంలో నేనే విమానం తోక పట్టుకుని ఆపానని మా పిల్లలకి చెప్పి ఉంచాను, మీరూ అలాగే చెప్పండి. దొర మాత్రం ఆ రోజు నుంచి వల్కన్ గొప్పదా కాన్‌బెర్రా గొప్పదా అన్న వాదన ఎత్తలేదు. అడిగితే జంతిక కొరికి ఊరుకుంటాడు.

ఇవాళ ఆ ఫైటర్లు వెళ్ళిపోయాక ఆకాశం దానంతటదే కుట్లు వేసుకుంది. మిగిలిన కాఫీ తాగుతూ అనుకున్నాను: కాలం మనందరినీ కిటికీలు లేని గదిలో కూర్చోబెట్టి తోలుకుపోతుంది, ఎక్కడిదాకా వచ్చామో తెలియదు, కానీ పైన ఒకడు పిడి లాగకుండా కూర్చున్నాడని తెలిస్తే ఆ ప్రయాణం ఎంత దూరమైనా చెయ్యొచ్చు.