గొర్రెల తొట్టి దగ్గర గెలిచిన కేసు

కంభం రోడ్డులో బస్సు ఆగగానే కిటికీలోంచి తడిసిన గొర్రె బొచ్చు వాసన కొట్టింది. పక్కనే సిమెంటు తొట్టిలో మంద నీళ్ళు తాగుతోంది. బస్సులో అందరూ ముక్కులు మూసుకున్నారు. నాకు మాత్రం సరళ గుర్తొచ్చి కడుపులో పాత మంట రగిలింది. నాకంటే చిన్నది, నా తర్వాత నల్లకోటు వేసుకున్నది, నాకు వకీలు పని నేర్పింది. ఈ చివరి మాట ఆమెతో ఏనాడూ అనలేదు.

మార్కాపురంలో మేమిద్దరం ఒకే సీనియర్ దగ్గర జూనియర్లం. ఆ రోజుల్లో ఒక పెద్ద పలకరాతి గనుల కంపెనీ మీద ఒక ఊరు కేసు వేసింది. గనిగుంతలోంచి పగలూ రాత్రీ నీళ్ళు తోడేస్తుంటే ఊరి బోర్లు ఎండిపోయాయి, బత్తాయి తోటలు మాడిపోతున్నాయి. గుంతలో చుక్క లేదు, మేం తోడటం లేదు అంటుంది కంపెనీ. కోర్టు తరఫున మనిషి చూడటానికి వచ్చేసరికి మోటార్లు మాయం. ఓడిపోతే ఊరు ఖాళీ చేయడమే. అంత కేసు నాకే వస్తుందనుకున్నాను. వాదనలో నాకు పేరుంది. సరళ అప్పటికి ఒక్క సాక్షిని కూడా ప్రశ్నించి ఎరగదు.

"ఊరంతా తిరిగి అందరితో మాట్లాడొచ్చిందంట, ఊరోళ్ళు ఆ పిల్లే కావాలన్నారమ్మా, నేనేం చేసేది? నువ్వు పక్కన కూచో" అన్నారు సీనియర్.

కూర్చున్నాను, కళ్ళలో నిప్పులు పోసుకుని.

కంపెనీ మేనేజరు బోనెక్కాడు. వాళ్ళ వకీలు ఒంగోలు నుంచి కారులో దిగినవాడు. సరళ లేచింది. నీళ్ళ మాట ఎత్తుతుందనుకుంటే గొర్రెల మాట ఎత్తింది.

"ఎండాకాలం గొర్రెలకని తొట్టి కట్టించినారంట. మంచి పని సార్. ఎప్పుడన్నా ఎండిందా?"

మేనేజరు ముఖం వెలిగింది. పుణ్యం చేసినవాణ్ణి పుణ్యం గురించి అడిగితే ఆగుతాడా? "ఒక్కరోజు కూడా ఎండలేదమ్మా. గుంతలోంచి వచ్చే నీళ్ళు, ఎట్ల ఎండుతాయి?"

ఒంగోలు వకీలు తల వంచుకున్నాడు. మోటార్లు ఎన్ని, ఎవరివి, ఎక్కడ దాచారో అడగమని నేను సరళ గౌను లాగాను. ఆమె జడ్జిగారికి దండం పెట్టి కూర్చుంది.

"ఇంకోటి అడిగితే దిద్దుకుంటాడక్కా" అంది మెల్లగా.

నేనైతే అడిగేదాన్ని. ఆ ముక్క నాకే తట్టి ఉంటే బాగుండునని ఎంత ఏడ్చుకున్నానో నాకే తెలుసు. తోడటం ఆపమని తీర్పొచ్చింది. ఊరోళ్ళు సరళకు సంచెడు బత్తాయిలు తెచ్చారు, పక్కన కూర్చున్నందుకు నాకు నాలుగు. పుల్లగా ఉన్నాయని ఇంట్లో చెప్పాను. నిజానికి చాలా తియ్యగా ఉన్నాయి.

తర్వాత ఆమె పరీక్ష రాసి జడ్జి అయి వెళ్ళిపోయింది. నాకిక పోటీ లేదని సంబరపడ్డాను.

మొన్న గిద్దలూరు కోర్టులో ఒక సాక్షి నోటివెంట నాకు కావలసిన ముక్క రాలింది. నాలుక మీద ఇంకో ప్రశ్న దురద పెడుతోంది. మింగేసి కూర్చున్నాను. కేసు నిలబడింది. బయటికి రాగానే ఆ బత్తాయి తోటల ఊరి పెద్దాయన ఒకరు, వేరే వాయిదాకు వచ్చినాయన, దండం పెట్టి నవ్వాడు.

"అచ్చం మా సరళమ్మ మాదిరే కూచున్నావు తల్లీ."

ఒళ్ళు మండిపోయింది. మళ్ళీ వాయిదాకు కూడా అట్లాగే కూర్చుంటాను.