నాన్న లైన్ బాక్స్, నా ఫ్లాపీ

ఈ రోజు మా రైల్వే క్వార్టర్‌లో నేను గెంతులేశాను!

కంప్యూటర్‌లో లైనక్స్ మొరాయిస్తే, ఫ్లాపీ నుంచే నడిచి హార్డ్ డిస్కును బాగుచేసే చిన్న ప్రోగ్రామ్ ఒకటి రాస్తున్నాను. మొదట పెర్ల్ భాషలో రాశాను. తీరా చూస్తే అది నడవడానికి కావలసిన పెర్ల్ సరంజామా అంతా ఫ్లాపీలో పట్టలేదు. పట్టుబట్టి సి భాషలో మళ్లీ రాశాను. ఫ్లాపీ పెట్టి నడిపితే, అది వాడుకునే రెడీమేడ్ కోడ్, ఏదో లైబ్రరీ, దొరకలేదంటూ ఆగిపోయింది.

గూడ్స్ గార్డయిన మా నాన్న పక్కనే డ్యూటీకి వెంట తీసుకెళ్లే పెట్టె, లైన్ బాక్స్, సర్దుకుంటున్నారు. జెండాలు, కిరసనాయిలు లాంతరు, బియ్యం, అన్నీ అందులోనే.

"ఏటమ్మా, ఆగిపోనాదేటి?"

"లైబ్రరీ హార్డ్ డిస్కులో ఉంది నాన్నా, ఫ్లాపీలో లేదు."

"అచ్ఛా! లాంతరొక్కటీ అట్టుకెల్తే సరిపోతాదేటి? అడివిలో బండి నిలబడిపోతే అగ్గిపెట్టి ఎవుడిస్తాడు?"

నిజమే! లైబ్రరీని కూడా ప్రోగ్రామ్‌లోనే కలిపేసి కంపైల్ చేశాను. లావెక్కింది కానీ ఫ్లాపీలో పట్టింది, నడిచింది కూడా! నేను గెంతుతుంటే నాన్న మీసం దువ్వుకుంటూ బయలుదేరారు.

అయిదు నిమిషాల్లో గేటు దగ్గర మళ్లీ ఆయన గొంతే.

"అమ్మా... అగ్గిపెట్టి!"

అన్నీ సర్దుకున్నామనుకుని మీరేం మర్చిపోయారో రాయండి. నాన్నకు చదివి వినిపించాలి, పాపం.