జరగబోయే సభ బ్రహ్మాండంగా జరిగింది

ఆ పత్రికాఫీసంటే విమానం టికెట్లమ్మే దుకాణం వెనక గది. తడిసి ఆరిన తివాచీ వాసన, సింకులో కడగని టీకప్పులు, గోడవార అమ్ముడుపోని పాత సంచికల దొంతర. ఆ దొంతర మీద ఎవడో మహానుభావుడు బురద బూట్లు విడిచాడు. గడపలోనే కథలక్కయ్య మనసు చివుక్కుమంది.

కథలక్కయ్య అన్నది తమ్ముడు పెట్టిన పేరు. మన దేశంలో ఉన్నన్నాళ్ళూ ఆవిడ కథ అచ్చయితే పదిమందీ చదివి మాట్లాడుకునేవారు. దేశం మారి తమ్ముడి పంచన చేరాక ఆవిడ రాసేదల్లా ఇంట్లోకి కావలసిన సామాన్ల చిట్టీ. ఊరికే కూర్చోబెట్టడం ఇష్టంలేని మరదలు, సోమవారం నుంచి లాండ్రీలో తువాళ్ళు మడతపెట్టే పని చూసిపెట్టింది. ఈలోగా పత్రికలో చోటు దొరికిందా సరే, లేదా తువాళ్ళే గతి. రాసే చేత్తో ఊరివాళ్ళ తువాళ్ళు మడవడం తలుచుకుంటే ఆవిడకు ముద్ద దిగడం లేదు.

టికెట్లమ్మేదీ, పత్రిక నడిపేదీ ఒకాయనే. చెవిలో అగ్గిపుల్ల తిప్పుకుంటూ ఆవిడిచ్చిన కథల పుస్తకం అట్ట చూసి బల్లమీద పెట్టాడు. దానిమీద టీకప్పు పెట్టాడు.

"కథలు సరేనమ్మా, వార్త రాయగలరా?"

"రాస్తానండీ."

"శనివారం మన తెలుగు సంఘం సభ ఉంది. రిపోర్టు రాసివ్వండి, చూద్దాం."

"అలాగేనండీ. శనివారం వెళ్ళొచ్చి, ఆదివారం పొద్దున్నకల్లా..."

"ఆదివారమేంటమ్మా! పేపరు శుక్రవారమే అచ్చుకెళ్ళాలి. సభకొచ్చినవాళ్ళకి గుమ్మంలోనే పంచుతాం. ఇప్పుడే రాసెయ్యండి."

"జరగని సభకా?"

"జరక్క ఎక్కడికి పోతుంది? ఏటా జరిగేదేగా! రాబోయేవాళ్ళ పేర్లన్నీ నేనిస్తా. ఒక్కటీ పోకూడదు. ప్రెసిడెంటుగారి ప్రసంగం మాత్రం కాస్త దట్టించండి."

ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగమట! ఛీ, ఇదీ ఒక పత్రికేనా అని లేచి వచ్చేయబోయింది. తువాళ్ళు గుర్తొచ్చాయి. మళ్ళీ కూర్చుంది.

హాలు కిటకిటలాడిందని రాసింది. ప్రెసిడెంటుగారి మాటలకు చప్పట్లు మోగిపోయాయని రాసింది. ఒక్కో వాక్యానికీ నోరు చేదెక్కింది. అయినా పాడు అలవాటు ఎక్కడికి పోతుంది? చప్పగా రాయడం ఆ చేతికి చాతకాలేదు. చివర్లో ఒక ముసలావిడను పుట్టించింది. ఆవిడ కర్ర పొడుచుకుంటూ వేదికెక్కి, "ఈ దేశం వచ్చాక నన్ను పేరుపెట్టి పిలిచినవాళ్ళు మీరే నాయనా" అని కళ్ళొత్తుకుంటుంది.

చదువుతూ చదువుతూ పత్రికాయన చెవిలో అగ్గిపుల్ల తీసేశాడు. "అబ్బ! ముసలావిడ అదిరిందమ్మా! శనివారం రండి, మీ సంగతి అక్కడే తేల్చేద్దాం."

శనివారం జోరున వాన. హాలుకు తాళం. హాలు మాట్లాడిపెట్టే పని నీదంటే నీదని అందరూ అనుకున్నారే తప్ప ఒక్కడూ మాట్లాడలేదు. జనమంతా చూరు కింద ఒకరినొకరు తోసుకుంటూ నిలబడ్డారు. పత్రికాయన జంకూ గొంకూ లేకుండా కట్టలు విప్పి పంచేశాడు. ఇక చీవాట్లే అనుకుంది కథలక్కయ్య. రావలసిన ఉద్యోగం పోతే పోయింది, వీళ్ళకు సిగ్గయినా వస్తుందని లోపల కాస్త సంతోషం కూడా వేసింది.

సిగ్గా! అందరూ తమ తమ పేర్లు వెతుక్కుంటున్నారు.

"నాది వేశారోయ్!"

"మా ఆవిడ పేరు అంత కిందికి తోశారేం?"

ప్రెసిడెంటుగారు పెదాలు కదుపుతూ తన ప్రసంగం మొత్తం చదువుకున్నాడు. "బాగానే మాట్లాడాను" అన్నాడు. వేళాకోళానికి కాదు, నిజంగానే అన్నాడు. "అంతా వచ్చేసిందిగా! ఇంక ఈ వానలో దేనికి, పదండి పదండి."

అందరూ పత్రికలు నెత్తిన పెట్టుకుని కార్ల వైపు పరుగెత్తారు. ఒకావిడ మాత్రం ఆగి కళ్ళు తుడుచుకుంది.

"ఆ పెద్దావిడ మాటలకి ఏడుపొచ్చేసిందండీ. మా వీధి చివరుంటారే, ఆవిడేగా? కర్ర ఉంటుంది. ఒకసారి పలకరించాలి పలకరించాలి అనుకుంటా, కుదిరి చావదు. పోన్లెండి, మనవాళ్ళు పేరుపెట్టి పిలిచారుగా" అని తేలిగ్గా ఊపిరి పీల్చుకుని వెళ్ళిపోయింది.

కథలక్కయ్యకు వాళ్ళను చూసి పుట్టిన రోత ఒక ఎత్తు, తన చేతిని చూసుకుంటే పుట్టినది ఇంకో ఎత్తు.

"సోమవారం నుంచి వచ్చెయ్యండమ్మా" అన్నాడు పత్రికాయన, మిగిలిన కాగితాలు చంకలో దోపుకుంటూ. "వచ్చే నెల పిక్నిక్కు కూడా రాసిపెట్టేసుకుంటే ఓ పనైపోతుంది."

ఇంటికి రాగానే ఆవిడ నేరుగా సింకు దగ్గరికి వెళ్ళి సబ్బుతో చేతులు రుద్దుకుంది. మరదలు వెనకే వచ్చింది.

"ఏమైంది వదినా? పత్రికవాళ్ళు ఉద్యోగం ఇవ్వలేదా?"

"ఇచ్చారు" అంది కథలక్కయ్య చేతులు తుడుచుకుంటూ. "సోమవారం లాండ్రీకి ఎన్నింటికి రమ్మన్నారమ్మాయ్?"