మా మావయ్య, పదహారు బకెట్లు

మా మావయ్య మనుషుల మొహాలు చూడడు. వాళ్ల తొక్కల బకెట్లు చూస్తాడు. ఎవరైనా ఎదురుపడితే "బాగున్నారా?" అని అడిగే అలవాటే ఆయనకు లేదు. ఎలా ఉన్నారో పొద్దున్నే చూసేసి ఉంటాడు.

ఆయన ముప్ఫయ్యెనిమిదేళ్లు ఒక ఆసుపత్రి ల్యాబ్‌లో రక్తపరీక్షలు చేశాడు. రిటైరైన నెలకే మా అపార్ట్‌మెంట్‌లో పదహారు ఇళ్లవాళ్లం కలిసి ఎరువు గుంట మొదలుపెట్టాం. వంటింటి తొక్కలన్నీ సైకిళ్ల షెడ్డు వెనక గుంటలో వెయ్యాలి. ఎరువయ్యాక దాంతో మేడమీద కూరగాయలు పెంచాలి. ఎవరి బకెట్టు ఎంత నిండితే వాళ్లకు అంత పెద్ద కూరగాయల బుట్ట. సంఘానికి కార్యదర్శిని నేనే. గుంట చూసుకోవడానికి ఎవరైనా ముందుకు రండి అంటే మా పక్కింట్లోనే ఉండే మావయ్య చెయ్యెత్తాడు. ఎత్తిన చేతికి రబ్బరు తొడుగు అప్పటికే ఉంది.

మర్నాడే ప్రతి బకెట్టుకూ ఇంటి నంబరు అంటించాడు. దాన్ని బకెట్టు అనకూడదట, శాంపిల్ అనాలట. మూత తీసి, వాసన చూసి, పటకారుతో ఒక్కొక్క తొక్కనూ వెలుతురులో తిప్పి చూశాకే గుంటలో పడనిచ్చేవాడు.

"ఒరేయ్, మూడో ఇంట్లో మొగుడూ పెళ్లాం మాట్లాడుకోవట్లేదు" అన్నాడొకరోజు.

"నీకెలా తెలుసు మావయ్యా?"

"బంగాళాదుంప తొక్కలు రెండు రకాలున్నాయి. ఒకరు కాగితంలా తీశారు, ఇంకొకరు సగం దుంప కూడా చెక్కేశారు. ఎవరి వంట వాళ్లే చేసుకుంటున్నారు."

సాయంత్రం ఆ ఇంటాయన వచ్చి, రెండ్రోజులు మీ సోఫాలో పడుకోవచ్చా అని నన్నడిగాడు. నేను నోరెళ్లబెట్టాను.

ఏడో ఇంటికి చుట్టాలొచ్చారనీ, ఇప్పట్లో కదిలేలా లేరనీ కాఫీ పిప్పి చూసి చెప్పాడు. పదో ఇంటి పెద్దాయనకు కొత్త పళ్లసెట్టు సరిపోలేదని యాపిల్ మీద గాటు చూసి చెప్పాడు. రెండూ నిజమే. ఆయన చూపంటే నాకు భయభక్తులు పట్టుకున్నాయి. నేను మా బకెట్టును కడిగిన తొక్కలతో పంపడం మొదలుపెట్టాను.

చిక్కల్లా ఏమిటంటే, ఆయన చూసింది చూసినట్టు పైకి అనేస్తాడు. తొమ్మిదో ఇంటి బ్యాంకు మేనేజరుగారికి షుగరు. ఒకరోజు లిఫ్టులో మావయ్య ఆయన్ని పట్టుకున్నాడు.

"మేనేజరుగారూ, మామిడి టెంకల్ని కాగితంలో చుట్టి అడుగున దాస్తే నాకు దొరకవనుకున్నారా?"

పక్కనే ఆయన భార్య ఉంది. "టెంకలా? ఎన్నండీ?"

"వారానికి ఐదమ్మా."

ఆ నెలంతా మేనేజరుగారికి మూడు పూటలా కాకరకాయే. ఆయన మావయ్య మీద పగబట్టాడు. ఎక్కడ తప్పు దొరుకుతుందా అని షెడ్డు చుట్టూ తిరిగి, చివరికి పట్టుకున్నాడు.

"మోసం! మీ మావయ్య తన వంటింటి తొక్కలు తెచ్చి పన్నెండో బకెట్టులో పోస్తుంటే కళ్లారా చూశాను. రోజూ ఇదే పని!"

పన్నెండో ఇల్లు కుట్టుపని చేసే ఆవిడది. ఒంటరి మనిషి. నెలన్నరగా కూరగాయల పెద్ద బుట్ట ఆవిడకే వెళుతోంది. ఒక్క మనిషి అన్ని తొక్కలెలా ఇస్తుందని మాకెవరికీ తోచనేలేదు.

మీటింగు పెట్టక తప్పలేదు. ఆ కుట్టుపని ఆవిడ తప్ప అందరూ వచ్చారు. మావయ్య గుంట తాళంచెవి తెచ్చి బల్లమీద పెట్టాడు. అది చూస్తే నా ప్రాణం ఉసూరుమంది. ఆర్నెల్లలో ఆయన మా కుళ్లునంతా నల్లటి మట్టి చేశాడు. పిడికిట్లో పట్టుకుంటే తొలివాన వాసన. రోజూ వచ్చే చెత్త లారీ ఇప్పుడు వారానికోసారి వస్తోంది. ఆ గుంట లేకపోతే ఈ మనిషి పొద్దున్నే లేచి ఏం చేస్తాడు?

"పోసిన మాట నిజమేనా మావయ్యా?"

"నిజమే."

"ఎందుకు పోశావు? నువ్వు పొయ్యకముందు ఆ బకెట్టులో ఏముంది?"

"చెప్పను."

"అందరి గుట్టూ రట్టు చేసినవాడివి, ఇదొక్కటీ చెప్పవా?"

"కొన్ని రిపోర్టులు పేషెంటుకే ఇస్తారురా, పక్కవాళ్లక్కాదు. తాళంచెవి తీసుకోండి."

"చూశారా, తప్పొప్పుకున్నాడు!" అని మేనేజరుగారు లేచి నిలబడ్డాడు. భార్య ఆయన చొక్కా పట్టుకుని కిందికి లాగింది.

"కూర్చోండి ముందు. ఆవిడ మెట్లమీద జారి చెయ్యి విరగ్గొట్టుకుని రెండు నెలలు కాలేదూ? నా బట్టలు కుట్టకుండానే తిరిగిచ్చేసింది. అందరివీ ఇచ్చేసినట్టుంది."

కుట్టలేని మనిషి బకెట్టులో ఏముంటుందో మావయ్య చెప్పకుండానే మాకు తెలిసింది. వాడేసిన టీ పొడి ఉంటుంది, అంతే. నాకు సిగ్గేసింది. రోజూ ఎదురుపడి "బాగున్నారా?" అని అడిగాం, "బాగున్నాను" అంటే నమ్మాం. ఈయన ఒక్కమాటా అడక్కుండా, ఎవరికీ చెప్పకుండా నెలన్నరగా ఆమె ఇంటికి బుట్ట పంపాడు. మోసం అంటగట్టినా నోరు విప్పలేదు.

మేనేజరుగారు మావయ్య మొహం చూడకుండా తాళంచెవిని ఆయన వైపు జరిపాడు.

మర్నాడు పొద్దున పన్నెండో బకెట్టుకు మూత పట్టలేదు. గుమ్మడికాయ తొక్కలు, క్యాబేజీ ఆకులు, గుడ్డు పెంకులు పొంగి నేలమీద పడ్డాయి. పదిహేనిళ్ల వాళ్లం ఒకరికి తెలియకుండా ఒకరం వచ్చి పోసిపోయామన్నమాట. నేను మావయ్య పక్కన నిలబడి ఉండగానే కుట్టుపని ఆవిడ చేతికి కట్టుతో కిందికి దిగి వచ్చింది.

"అన్నయ్యగారూ, ఇది నా బకెట్టేనా?"

"మీదేనమ్మా. నంబరుంది చూడండి."

"నేను గుడ్డు ముట్టను. ఇందులో పాతిక గుడ్ల పెంకులున్నాయి."

పళ్లగాటు చూసి మనిషిని చెప్పగల మావయ్య బకెట్టు వైపు తెల్లమొహం వేసుకుని చూశాడు. "అలాగా? కళ్లజోడు లేకపోతే నాకేమీ కనిపించదమ్మా."

కళ్లజోడు ముక్కుమీదే ఉంది. ఆవిడ దాన్నే కాసేపు చూసి నవ్వింది.

"సరే అన్నయ్యగారూ. ఈసారి బుట్ట చాలా పెద్దదొస్తుంది కదా, నేనొక్కదాన్నే తినలేను. తరగడానికి రెండు చేతులున్నవాళ్లెవరినైనా పంపండి, అందరికీ వండుతాను."