తల నెరిశాక కట్టిన జోలపాట

పుదానె బిడారంలో బిడ్డ పుడితే తల్లి దానికో పాట కడుతుంది. చప్పిడి ముక్కు, మొండి ఏడుపు, తొలి అడుగు అన్నీ అందులోకెక్కుతాయి. ఏడాదికో చరణం చొప్పున పాట పెరుగుతుంది. పుదానెకు మాత్రం పాట లేదు. కన్న రోజే తల్లి కన్నుమూసింది. రెయిన్‌డీర్ పాలు పట్టి నానమ్మ పెంచింది గానీ, పాట కట్టాల్సింది తల్లి, లేదంటే తల్లి తోబుట్టువు.

పుదానె తన నలుగురు పిల్లలకూ పాటలు కట్టింది. టండ్రా మీద పొగమంచు కమ్మితే ఎవరి పాట వాళ్లకు పాడేది. ఆ గొంతు పట్టుకుని వాళ్లు గుడారం చేరేవారు. తను దారి తప్పితే కుక్కల అరుపే దిక్కు. అరవై ఏళ్లు ఆ లోటు కడుపులోనే దాచుకుంది, పిచ్చిది.

ఆ వసంతంలో మొగుడు పోయిన పిన్ని సెవ్నె, తల్లికి సొంత చెల్లెలు, ఎక్కడో దూరపు బిడారం నుంచి వచ్చి చేరింది. ఎనభై దాటాయి, చూపు లేదు, నోటికి మాత్రం హద్దు లేదు. పుదానె సిగ్గు చంపుకుని పాట కట్టమని అడిగింది.

"పాటంటే ఉయ్యాల్లోంచి మొదలెట్టాలే," అంది సెవ్నె. "రా, ఒళ్లో పడుకో."

నెరిసిన తల ఒళ్లో పెట్టుకుని, ముఖమంతా తడిమి పాట ఎత్తుకుంది: ఉయ్యాల్లో పరిచిన మెత్తటి నాచంతా తడిపే పిల్ల, పాలకోసం ఊరంతా లేపే పిల్ల. చుట్టూ ఆడవాళ్లు పొట్టచెక్కలయ్యేలా నవ్వారు. పుదానె వెక్కి వెక్కి ఏడ్చింది.

మందలు ఉత్తరానికి కదిలాయి. పాటలో మజిలీకో ఏడాది. పొద్దు గుంకని ఆ వెలుగులో, కరిగే మంచు మీద స్లెడ్జి బండి జారుతుంటే, పుదానె మెల్లగా నడక నేర్చింది, మాటలు నేర్చింది, పాలపళ్లు ఊడగొట్టుకుంది. పిన్నికి ఆయాసం ఎక్కువవుతోంది. చరణానికీ చరణానికీ మధ్య ఊపిరి అందడం లేదు.

"పెళ్లిదాకా తొందరగా వచ్చెయ్ పిన్నీ," అంది.

"పిల్లల్ని తోసి పెంచుతారుటే? ఒక ఏడు నిండాకే ఇంకో ఏడు."

నది ఒడ్డున దిగిన రోజు ఏడో చరణం పాడింది. అందులో పిల్ల తొలిసారి సూది పట్టి, తోలు బదులు తన వేలే కుట్టుకుంది. మర్నాడు సెవ్నె లేవలేదు.

ముసలమ్మను సాగనంపి వచ్చాక, మిగిలిన చరణాలు మీరే కట్టుకోండి, అరకొర పాట ఎందుకత్తా అని పెద్దకోడలు ఓదార్చబోయింది.

"వద్దే," అంది పుదానె. "ఇన్నాళ్లూ నేను పుట్టిన రోజే తల్లి పోయినదాన్ని. ఇప్పుడు మా అమ్మ నాకు ఏడేళ్లప్పుడు పోయింది."