కొడుకును తోలుకపోను వచ్చిన గోపమ్మ

అది అరవై ఒకటో సంవత్సరం ఎండాకాలం. గోపమ్మ కొడుకు పనిచేసే ఠాణాలో జవాన్లకు పెద్దయిన జమేదారు మీద దేవరకొండ కోర్టులో కేసు నడుస్తోందన్న మాట, అంగడి దాటి ఆమె ఊరికి చేరేసరికి పోలీసులందర్నీ జైల్లో వేస్తున్నారన్నంతగా పెరిగింది. ఆమె గొర్లను మరిది బీరన్నకు అప్పగించి, జొన్నరొట్టెలు మూటగట్టుకుని బస్సెక్కింది. భర్త పోయాక ఆమెకు మిగిలింది ఐలేశం ఒక్కడే. గొర్లు కాయమంటే వినకుండా పోలీసు జవానుగా చేరాడు. వాణ్ని ఇంటికి తోలుకపోవాలనే ఆమె బయలుదేరింది.

ఠాణాలో జరిగింది ఇది. దొంగతనం ఒప్పుకొమ్మని జమేదారు, ఇద్దరు జవాన్లు కలిసి ఏసోబు అనే కూలిమనిషిని కొట్టారు. చెయ్యి విరిగింది. దొంగ వేరేవాడని తర్వాత తేలింది. ఆ రోజు ఐలేశం జాతర బందోబస్తులో ఉన్నాడు కాబట్టి కేసులో లేడు. ముగ్గురి మీదా కేసు పడగానే మిగిలిన జవాన్లు ఒక్కొక్కరే రాజీనామా ఇచ్చి ఊళ్లకు పోయారు. నల్లగొండలో భర్తీకి పిలిస్తే చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఎవరూ కదల్లేదు.

గోపమ్మ వెళ్లేసరికి ఠాణాలో ఐలేశం ఒక్కడే ఉన్నాడు. గడ్డం మాసి, కళ్లు గుంటలు పడి ఉన్నాయి. ఠాణా అధికారి అమీను కోర్టు పని మీద దేవరకొండలో ఉన్నాడు.

“ఇంటికి పోదాం పా బిడ్డా. గీ కొలువు మనకొద్దు,” అంది.

పోట్లాడవలసి వస్తుందనుకుందామె. ఐలేశం టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. “నేను గూడ గదే అనుకుంటున్ననమ్మా. కొట్టకుంటే దొంగ దొర్కడంటరు, కొడితే జైలంటరు. అమీన్ సాబ్ రాంగనే చెప్పి వస్త.”

కోరినదే అయినా, వాడు తలొంచుకుని ఆ మాట అన్న తీరుకు ఆమె మనసు చివుక్కుమంది.

మర్నాడు పొద్దున ఠాణా ముందు వేపచెట్టు కింద ఒక ముసలామె నిలబడి ఉంది. లోపలికి రాదు, పోదు. ఐలేశం చూసి గుర్తుపట్టాడు. ఏసోబు తల్లి మైసమ్మ.

“ఏమైందవ్వా?” అని ఎదురు వెళ్లాడు.

“నా మేకల్ని ఎవలో ఎత్తుకపోయిండ్రయ్యా. రెండే ఉండె. కొడుకు చెయ్యి లేవదాయె, గవ్వే మాకు ఆధారం.” మళ్లీ అంది: “ఎవల్నన్న కొట్టేదుంటే మాత్రం నాకు మేకలొద్దు.”

ఐలేశం మెల్లగా, “కొట్టనవ్వా,” అన్నాడు. టోపీ పెట్టుకుని అంగడి దారి పట్టాడు.

మైసమ్మ అరుగెక్కలేదు. రొట్టె దేంట్లో పెట్టాలా అని గోపమ్మ కొంచెం తటపటాయించి, చివరికి కొడుకు కంచంలోనే పెట్టి ఇచ్చింది. ఇద్దరూ చెట్టు కింద కూర్చున్నారు. మేకల గురించే మాట్లాడుకున్నారు. ఏ ఆకు మేస్తాయి, ఏ రోగమొస్తే ఏం తాగించాలి. చేతి సంగతి మైసమ్మ ఎత్తలేదు, గోపమ్మ అడగలేకపోయింది.

పొద్దు వాలుతుండగా ఐలేశం ఒక మేకను, ఒక మనిషిని వెంటబెట్టుకుని వచ్చాడు. అంగడిలో అడుగుతూ పోతే మేకను కొన్నవాడే అమ్మినవాణ్ని చూపించాడట. రెండోది అప్పటికే కోతకు పోయింది. గోపమ్మ ఆ దొంగ మొహం, వీపు పరకాయించి చూసింది. ఎక్కడా దెబ్బ లేదు. వాడికీ నీళ్లిచ్చింది. మైసమ్మ మేక మెడను కావలించుకుని ఏడ్చింది. పోతూ పోతూ, “పైలం బిడ్డా,” అని ఐలేశానికి జాగ్రత్త చెప్పింది.

“రేపు అమీన్ సాబ్ వస్తడమ్మా,” అన్నాడు ఐలేశం ఆ సాయంత్రం. “కని గా రెండో మేక పైసల సంగతి తేలాలె గద. జర ఆగుదామా?”

గోపమ్మ నవ్వింది. “మీ బాపు గూడ గంతే. గొర్రె తప్పితే గుట్టలెంట తిరుగుడే. బువ్వకు పిలిచినా రాకపోతుండె. నువ్వుండు బిడ్డా, నేను పోత.”

ఐలేశం కొలువు మానలేదు. జమేదారుకు జైలుశిక్ష పడింది. ఐలేశానికి కొలువు నేర్పినవాడు ఆయనే. ఆ రోజు అతనికి అన్నం సయించలేదు. కొత్త జవాన్లు వచ్చేదాకా ఠాణా బరువంతా చాలాకాలం అతని మీదే పడింది.

తర్వాతి భర్తీకి పక్కింటి బక్కమ్మ తన కొడుకును పంపాలా వద్దా అని గోపమ్మను అడిగింది. “నీకు భయం గాదా?”

“ఎందుకు గాదు? కోర్టని వినంగనే గొర్లను బీరన్నకిచ్చి బస్సెక్కబుద్ధయితది. వాడు ఇంటికి రాంగనే, ఎవల్నన్న కొట్టినవా అని అడుగుత. లేదమ్మా అంటడు. గప్పుడు బువ్వ పెడ్త.”

బక్కమ్మ ఆ ఏడు కొడుకును పంపలేదు. మరుసటి ఏడు పంపింది. గోపమ్మే వాణ్ని బస్సు దాకా సాగనంపింది.